ఇరవై ఐదు గజాలు



పోయిన మూడు వారాలు ఫెలోషిప్పులు, హాస్టళ్ళు, మెస్ బిల్లులు అంటూ మీ బుర్రలు వేడెక్కించాను. ఈ వారం ఒక జంతువు గురించి రాస్తున్నా. "అక్కా, ఉద్యమం వదిలేసి జంతువుల ఫొటోలు పట్టుకున్నావా" అని కొంతమంది అడుగుతారని తెలుసు. చివరిదాకా చదవండి. ఆ తర్వాత కూడా తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

ఆ జంతువు పేరు మూస్. జింకల జాతిలో ప్రపంచంలోకెల్లా పెద్దది. పెద్ద మగది భుజం దగ్గరే ఆరడుగులు ఉంటుంది, తల ఆపైన. బరువు ఐదొందల కిలోలు దాటేవి బోలెడు. మగదాని కొమ్ములు మన జింక కొమ్ముల్లా పుల్లలు పుల్లలుగా ఉండవు. అరచేయి తెరిచి పెట్టినట్టు వెడల్పుగా, చేటల్లా ఉంటాయి. ఏటా చలికాలంలో రాలిపోతాయి, వసంతంలో మళ్ళీ మొలుస్తాయి. కర్రల్లాంటి పొడుగు కాళ్ళు, వేలాడే పై పెదవి, గొంతు కింద గంట కట్టినట్టు ఊగే తోలు. మన నల్లమలలో తిరిగే కణితి దీనికి దూరపు చుట్టం. కానీ దీని పక్కన నిలబెడితే కణితి దూడలా కనిపిస్తుంది.

అలాస్కా, కెనడా, అమెరికాలో మెయిన్, న్యూ హాంప్‌షైర్, వయోమింగ్ లాంటి రాష్ట్రాల్లో ఉంటాయి. అటు స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, రష్యాల్లోనూ ఉన్నాయి. "మూస్" అన్న మాట ఇంగ్లీషువాళ్ళది కాదు. ఆ నేల మీద వాళ్ళకంటే వేల ఏళ్ళ ముందు నుంచీ బతుకుతున్న అల్గాంక్వియన్ భాషల ప్రజల మాట. కొమ్మల్నీ బెరడునీ ఒలుచుకు తినేది అని దాని అర్థం చెబుతారు. నేల లాక్కున్నవాళ్ళు మాట మాత్రం ఉంచుకున్నారు.

నేను బోస్టన్ దగ్గర ఉద్యోగం చేసుకుంటూ, సెలవులు కలిసొచ్చినప్పుడు పైన మెయిన్ రాష్ట్రానికి వెళ్ళి ఫొటోలు తీస్తుంటాను. అలాస్కాని పక్కన పెడితే అమెరికాలో మూస్‌లు ఎక్కువగా ఉన్నది మెయిన్‌లోనే. కెమెరా సెకండ్ హ్యాండ్. పెద్ద లెన్సు అద్దెకు తెచ్చుకుంటాను, ఎందుకంటే కొనే స్తోమత లేదు. నాతోపాటు ఖమ్మం నుంచి వచ్చి ఇక్కడ ఎం.ఎస్. చేస్తున్న ఒక తమ్ముడు వస్తాడు. కారు వాడు నడుపుతాడు, పులిహోర నేను కలుపుకొస్తాను.

ఇక్కడ చదువుకుంటున్న పిల్లలకి ముందుగా ఒక మాట. బోస్టన్ నుంచి మిల్లినాకెట్ ఊరికి ఐదు గంటల దారి. బాంగర్ దాటాక రోడ్డు పక్కన పసుపుపచ్చ బోర్డుల మీద మూస్ బొమ్మ కనిపిస్తుంది. అది అలంకారం కాదు. మూస్ ముదురు రంగులో ఉంటుంది, రాత్రి రోడ్డులో కలిసిపోతుంది. కాళ్ళు పొడుగు కాబట్టి దాని కళ్ళు మన హెడ్‌లైట్ వెలుగు కంటే పైన ఉంటాయి. జింక కళ్ళు మెరిసినట్టు దాని కళ్ళు మెరవవు. కారు వెళ్ళి తగిలితే కాళ్ళు విరిగి, అంత బరువున్న శరీరం నేరుగా అద్దం మీదికి, మన మీదికి వస్తుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు పక్కనున్న గుంటల్లో చేరుతుంది. దాని కోసం మూస్‌లు రోడ్డు పక్కకి వస్తాయి. పొద్దువాలాక, తెల్లవారకముందు ఆ దారుల్లో నెమ్మదిగా వెళ్ళండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఉప్పు గురించి ఎందుకు చెప్పానంటే, మూస్ ఫొటోగ్రఫీ అంతా ఉప్పు చుట్టూనే తిరుగుతుంది. చలికాలమంతా ఎండుకొమ్మలూ బెరడూ తిని బతికిన జంతువుకి ఒంట్లో సోడియం తక్కువ పడుతుంది. నీళ్ళలో పెరిగే మొక్కల్లో అది ఎక్కువ. అందుకే జూన్, జూలై నెలల్లో మూస్ చెరువులోకి దిగి, తల మొత్తం నీళ్ళలో ముంచి, నాచూ తూళ్ళూ నములుతూ గంటల తరబడి ఉంటుంది. తల పైకెత్తినప్పుడు నీళ్ళు ధారలు కడతాయి. ఫొటోలు తీసేవాళ్ళంతా ఎదురు చూసేది ఆ క్షణం కోసమే. దాని ఆకలి తెలిస్తే అది ఎక్కడుంటుందో తెలుస్తుంది. వెంటపడక్కర్లేదు. అది వచ్చే చోట ముందే వెళ్ళి, మాట్లాడకుండా కూర్చోవాలి.

మేం వెళ్ళేది బాక్స్‌టర్ స్టేట్ పార్కుకి. గవర్నరుగా పనిచేసిన పెర్సివల్ బాక్స్‌టర్ 1930 నుంచి సొంత డబ్బుతో ముక్కలు ముక్కలుగా భూమి కొని, ప్రజలకి రాసిచ్చిన అడవి అది. రెండు లక్షల ఎకరాల పైన ఉంటుంది. కరెంటు లేదు, కుళాయి లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అందులోనే కటాడిన్ కొండ. పెనోబ్‌స్కాట్ ప్రజలకి అది పవిత్రమైన కొండ, వాళ్ళ భాషలో అన్నిటికంటే గొప్ప కొండ అని అర్థం. కొనడానికి బాక్స్‌టర్ దగ్గర డబ్బుంది, రాసివ్వడానికి మనసుంది. రెండూ నిజమే. ఆ కొండ ముందు ఎవరిది అన్న ప్రశ్న కూడా నిజమే.

రోరింగ్ బ్రుక్ అనే చోట కారు ఆపి, అర మైలు నడిస్తే శాండీ స్ట్రీమ్ చెరువు వస్తుంది. బురద మీద చెక్కలు పరిచిన దారి. ఆ నెలలో నల్లటి సన్న ఈగలు కుడితే చెవుల వెనక నెత్తురు కారుతుంది, దోమలు వేరే. చెరువు ఒడ్డున ఒక పెద్ద బండ ఉంటుంది. ఫొటోలు తీసేవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు.

ఇక ఈ వ్యాసం పేరు సంగతి.

ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ లాంటి అమెరికా జాతీయ పార్కుల్లో ఒక నియమం ఉంది. మూస్, ఎల్క్, అడవిదున్న లాంటి వాటికి కనీసం 25 గజాల దూరంలో ఉండాలి. ఎలుగుబంటి, తోడేలు అయితే 100 గజాలు. ఇరవై ఐదు గజాలంటే రెండు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి ఆపినంత. మేం ఏ అడవికి వెళ్ళినా ఇదే లెక్క పెట్టుకుంటాం, వీలైతే ఇంకా ఎక్కువే.

మొదటిసారి ఈ నియమం చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. దూరం మనకి కొత్తా? మన పల్లె ఊరికి ఎంత దూరంలో ఉండాలో, మన గ్లాసు వాళ్ళ గ్లాసుకి ఎంత దూరంలో ఉండాలో, బావి దగ్గర మన బిందె ఎక్కడ ఆగాలో, అన్నీ గజాల్లో కొలిచి పెట్టినవాళ్ళే కదా మనచుట్టూ ఉన్నది. ఒక మనిషి నీడ ఎంత దూరాన పడాలో కూడా లెక్కలు రాసుకున్న దేశం మనది. దూరం అన్న మాట వినగానే మన ఒళ్ళు మండడం సహజం.

కానీ ఆ నియమం పక్కనే ఇంకో మాట ఉంది. నువ్వు ఉన్నందువల్ల ఆ జంతువు చేసే పని మారితే, నువ్వు మరీ దగ్గరికి వెళ్ళినట్టే లెక్క. ఇరవై ఐదు గజాలు కనీస కొలత మాత్రమే. మేసేది మేత ఆపి తలెత్తి నిన్నే చూస్తోందా, నలభై గజాలైనా అది దగ్గరే. అంటే ఎంత దూరమన్నది చూసేవాడు నిర్ణయించేది కాదు. చూడబడేది నిర్ణయిస్తుంది. కులం పెట్టిన దూరానికీ ఈ దూరానికీ తేడా అదే. అక్కడ కొలబద్ద పైవాడి చేతిలో ఉంది. ఇక్కడ కొలబద్ద మూస్ చెవుల్లో ఉంది.

చెవులు అని ఊరికే అనలేదు. మూస్‌కి కోపం వస్తే ముందు చెప్పేవి చెవులే. వెనక్కి పడుకుంటాయి. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. పెదవులు నాకుకుంటుంది. ఇవి కనిపిస్తే వెనక్కి తగ్గాలి. అది మీదికి వస్తే పరిగెత్తి చెట్టు చాటుకి పోవాలి. ఎలుగుబంటి ముందు పరిగెత్తకూడదు అంటారు, మూస్ ముందు పరిగెత్తొచ్చు. మే, జూన్ నెలల్లో పిల్లల తల్లి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఎదకొచ్చిన మగది మరీ ప్రమాదం. 2024 మే నెలలో అలాస్కాలోని హోమర్ ఊళ్ళో, అప్పుడే పుట్టిన మూస్ పిల్లల్ని ఫొటో తీయడానికి వెళ్ళిన ఒక మనిషిని తల్లి తొక్కి చంపింది. చనిపోయిన మనిషి కోసం బాధపడదాం. తల్లిని మాత్రం నేరస్తురాలు అనొద్దు.

ఇప్పుడు జూన్ నెలలో ఆ చెరువు దగ్గర జరిగింది చెబుతా.

తెల్లవారుజామున మేం వెళ్ళేసరికి నీళ్ళ మీద పొగమంచు. బండ మీద మాతో కలిపి ఆరుగురం. గంటన్నర ఏమీ లేదు. ఈగలు, దోమలు, పక్కవాళ్ళ ఫ్లాస్కు మూత చప్పుడు. తర్వాత ఎదుటి ఒడ్డున పొదలు కదిలాయి. ఒక ఆడ మూస్ వచ్చింది. దాని వెనక ఎర్రటి పిల్ల, పుట్టి కొన్ని వారాలు అయి ఉంటుంది. తల్లి నీళ్ళలోకి దిగింది. పిల్ల ఒడ్డునే నిలబడి ఒక కాలు తడిపి చూసుకుంటోంది. మాకూ దానికీ మధ్య ఎనభై గజాలు ఉంటుంది.

తమ్ముడు నెమ్మదిగా అడిగాడు. "అక్కా, ఫొటోల నల్లగ ముద్ద లెక్క వస్తుందేంది?"

ఇది నేర్చుకోవాల్సిన సంగతి, కెమెరా పట్టుకునే పిల్లలు గుర్తు పెట్టుకోండి. కెమెరాలో కాంతిని కొలిచే యంత్రం ఉంటుంది. దాని తెలివి ఎంతంటే, ఎదురుగా ఉన్నది ఏదైనా సరే అది మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. చుట్టూ తెల్లటి మంచు, మధ్యలో చిన్నగా మూస్ ఉంటే, "అబ్బో ఎంత వెలుగు" అని మొత్తం చీకటి చేస్తుంది. మూస్ కాస్తా నల్లముద్ద అవుతుంది. అదే మూస్ ఫ్రేమ్ అంతా నిండిపోతే, "అయ్యో ఎంత చీకటి" అని వెలుగు పెంచేస్తుంది. అప్పుడు ఆ నిగనిగలాడే గోధుమనలుపు కాస్తా బూడిద పూసినట్టు పాలిపోతుంది. మొదటి సందర్భంలో మనం వెలుగు కాస్త పెంచాలి, రెండో దాంట్లో కాస్త తగ్గించాలి. యంత్రం చెప్పింది నమ్మకుండా, నలుపుని నలుపుగా చూడడం మనమే నేర్చుకోవాలి.

యంత్రానికి కులం లేదు, రంగు లేదు అంటారు. చేసినవాడికి ఉంటుంది. కోడాక్ కంపెనీ కలర్ ఫొటోల రంగు సరిచూసుకోవడానికి దశాబ్దాలపాటు తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉన్న కార్డు వాడింది. దాన్ని షర్లీ కార్డు అనేవాళ్ళు. ఆ అమ్మాయి చర్మం సరిగ్గా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టు. నల్లవాళ్ళ ముఖాలు కళ్ళూ పళ్ళూ తప్ప కనపడకుండా పోయినా చాలాకాలం పట్టించుకోలేదు. చాక్లెట్లు అమ్మేవాళ్ళూ చెక్క సామాన్లు అమ్మేవాళ్ళూ మా గోధుమ రంగులు సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేశాక ఫిల్మును మార్చే పని ముందుకు కదిలింది. మనుషుల కంటే చాక్లెట్ మాట ముందు వినపడింది.

మా ఊళ్ళో ఫొటో స్టూడియో అంటే అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. పదో తరగతి హాల్ టికెట్ ఫొటోకి వెళ్తే ఆయన నా ముఖం చూసి, ఇంకొంచెం కొట్టుకో అని డబ్బా చేతికిచ్చాడు. ఆ ఫొటోలో నా మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు. మనలో ఎంతమంది సర్టిఫికెట్ల మీద ఆ రెండు రంగుల ఫొటోలు ఉన్నాయో లెక్క తీస్తే ఒక పుస్తకం అవుతుంది.

అందుకే ఆ పొద్దున తమ్ముడు ఎడిటింగ్‌లో కొంచెం తెల్లగా లేపుదామా అంటే, వద్దురా అన్నాను. దాని నలుపు దానికుండనీ. నలుపులో ఎన్ని రంగులున్నాయో చూడు. మూపు మీద కాఫీ గింజ రంగు, కాళ్ళ దగ్గర బూడిద, తడిసినచోట నల్లరేగడి. ముందు కంటి మీద ఫోకస్ పెట్టు, కంట్లో ఆకాశం మెరుపు పడేదాకా ఆగు. అంతే.

మేం ఇలా గుసగుసలాడుకుంటుంటే బండ మీద ఉన్నవాళ్ళలో ఒకాయన కిందికి దిగాడు. మంచి ఖరీదైన కెమెరా. బురదలో మోకాలిదాకా దిగి, ఒడ్డు వెంబడి వంగి వంగి నడుస్తూ పిల్ల వైపు వెళ్తున్నాడు. పక్కనున్న పెద్దావిడ వెళ్ళొద్దు అని చేత్తో సైగ చేసింది. ఆయన చూడలేదు, లేదా చూడనట్టు ఉన్నాడు. తల్లి నీళ్ళలోంచి తల పైకెత్తింది. నోట్లో తూళ్ళు వేలాడుతున్నాయి, నమలడం ఆపేసింది. చెవులు ముందు అటు తిరిగాయి, తర్వాత వెనక్కి పడ్డాయి.

నేను లెన్సు దించేశాను. తమ్ముడి భుజం మీద చెయ్యేసి, ఇద్దరం బండ వెనక్కి జరిగాం. మిగతావాళ్ళూ జరిగారు. ఆయన మాత్రం ఇంకో పది అడుగులు వేశాడు. తల్లి నీళ్ళు చిమ్ముకుంటూ పిల్లకీ ఆయనకీ మధ్యకి వచ్చి నిలబడింది. ఆయన అదృష్టం, అది మీదికి రాలేదు. పిల్లని ముట్టెతో నెట్టుకుంటూ పొదల్లోకి తీసుకుపోయింది. మళ్ళీ రాలేదు. దానికి కావాల్సిన ఉప్పు ఆ చెరువులోనే ఉండిపోయింది.

ఆయన తిరిగొచ్చి కెమెరా తెర మాకు చూపించాడు. పిల్ల ముఖం ఫ్రేమ్ నిండా, బెదిరిన కళ్ళు. మంచి ఫొటోనే, సాంకేతికంగా ఏ వంకా పెట్టలేం. తమ్ముడు తెలుగులో నాతో అన్నాడు. "అక్కా, గిది భయం ఫొటో. అందం అనుకుంటుండు."

ఆ రాత్రి మిల్లినాకెట్‌లో చౌక హోటల్ గదిలో సిగ్నల్ దొరికాక అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున ఆరున్నర. ఫొటోలు వరసగా పంపించాను. మా అమ్మ పదేళ్ళ వయసు నుంచి ఆసామి గేదెల్ని మేపిన మనిషి. చదువు లేదు.

"ఏందే ఇది, దున్నకి ఒంటె కాళ్ళు పెట్టినట్టుందే" అంది ముందు. తర్వాత కాసేపు మాట లేదు, ఫొటోలు పెద్దవి చేసుకుని చూస్తోంది.

"దీనికి గోమార్లు పట్టినయ్యే. మెడ దగ్గర, మూపు దగ్గర బొచ్చు లేదు చూడు. పాపం, గీరుకుని గీరుకుని ఊడగొట్టుకుంది."

నేను నిర్ఘాంతపోయాను. ఎందుకంటే మెయిన్, న్యూ హాంప్‌షైర్‌లలో మూస్‌లని ఇప్పుడు చంపుతున్నది అదే. శీతాకాలపు పిడుదు అని ఒక రకం ఉంది. శరదృతువులో గుంపులుగా గడ్డి చివర్లకి ఎక్కి, దారినపోయే మూస్‌కి పట్టుకుని, చలికాలమంతా నెత్తురు తాగుతుంది. ఒక్కో మూస్ మీద పదుల వేలల్లో ఉంటాయి. భూమి వేడెక్కి మంచు ఆలస్యంగా పడేకొద్దీ వాటికి పట్టుకోవడానికి ఇంకొన్ని వారాలు దొరుకుతున్నాయి. పోయిన వేసవిలో పుట్టిన పిల్లలు వసంతం వచ్చేసరికి నెత్తురు లేక చచ్చిపోతున్నాయి. శాస్త్రవేత్తలు రేడియో పట్టీలు కట్టి గమనించిన పిల్లల్లో, కొన్ని ఏళ్ళలో సగానికి పైగా అలా పోయాయి. గీరుకుని బొచ్చంతా రాలి పాలిపోయిన వాటిని ఇక్కడ దెయ్యం మూస్ అంటారు. శాస్త్రవేత్తలు రేడియో పట్టీలతో చూసినదాన్ని అమ్మ ఫోన్ తెర మీద ఒక్క చూపులో చూసింది. గేదెల మెడ కింద వేళ్ళతో గోమార్లు ఏరిన చేతులవి. ఆ చేతులకి ఏ యూనివర్సిటీ పట్టా ఇవ్వలేదు.

ఆ బొచ్చు ఊడిన ఫొటో ఏ పోటీకీ పనికిరాదు. క్యాలెండర్ మీద వేయరు. కానీ నేను తీసిన వాటిలో నిజం చెప్పే ఫొటో అదే.

తర్వాత అమ్మ చివరి ఫొటోల దగ్గరికి వచ్చింది. తల్లి అడ్డం నిలబడ్డది, ఆ తర్వాత పొదల్లోకి పోతున్న వీపు. బండ వెనక్కి జరిగాక దూరం నుంచి తీసినవి.

"చెవులు వెనక్కి పెట్టింది. ఎవురో దగ్గరికి పోయారు. నువ్వు కాదుగా?"

"నేను కాదమ్మా. వేరే ఆయన."

"పిల్లని లోపలికి తీసకపోయింది. మంచి పని చేసింది." కాసేపు ఆగి అంది. "ఆ రోజు నేనూ లోపలికి పోదామనుకున్నా. తలుపు ఉంటేగా."

ఆ రోజంటే ఏ రోజో నాకు తెలుసు. నాకు ఏడేళ్ళు. నీళ్ళ ట్యాంకు గొడవలో మా వాడ మీద పడి కొట్టిన మర్నాడు. తలుపులు విరగ్గొట్టారు, కుండలు పగలగొట్టారు. పొద్దునకల్లా కెమెరాలు వచ్చాయి. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, మా వార్త నలుగురికీ తెలియాలనే వచ్చారు. ఒకాయన అమ్మ ముఖానికి రెండడుగుల దూరంలో కెమెరా పెట్టి, ఇటు చూడమ్మా, ఇటు చూసి ఏడు అన్నాడు. అమ్మ పైట ముఖం మీదికి లాక్కుంది. నన్ను వెనక్కి నెట్టుకుంది. మర్నాడు పేపర్లో ఆ పైట కప్పుకున్న ఫొటోనే వచ్చింది. కింద అమ్మ పేరు లేదు. బాధితురాలు అని ఉంది. ఆ ఫొటో వల్ల కేసు నమోదైందని పెద్దవాళ్ళు చెప్పారు, అది నిజం కావచ్చు. అమ్మ మాత్రం ఆ పేపరు ముక్కని ఇంట్లో ఉంచనివ్వలేదు.

ఇన్నేళ్ళలో అమ్మ ఆ ఫొటో గురించి నాతో మాట్లాడింది అదే మొదటిసారి. ఎక్కడో అమెరికా చెరువులో ఒక తల్లి జంతువు పొదల్లోకి పోవడం చూసి మాట్లాడింది. ఇద్దరం చాలాసేపు ఫోన్ పట్టుకుని ఊరకే ఉన్నాం.

మనుషుల్ని జంతువులతో పోలుస్తున్నావా అని కోప్పడొద్దు. మనల్ని జంతువుల కంటే హీనంగా చూసినవాళ్ళ చరిత్ర నాకు మీ అందరిలాగే తెలుసు. నేను పోలుస్తున్నది మూస్‌నీ మనిషినీ కాదు. కెమెరా పట్టుకున్న చేతుల్ని.

ఆ చేతుల చరిత్ర కొంచెం చెబుతా. అడవి జంతువుల ఫొటోలకి ఆద్యుల్లో ఒకడిగా చెప్పే మనిషి జార్జ్ షిరాస్. అమెరికాలో లాయరు, ఒకసారి కాంగ్రెస్ సభ్యుడు. రాత్రిపూట పడవలో వెళ్ళి, మెరుపు దీపంతో జంతువుల ఫొటోలు తీశాడు. 1906 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 ఒకేసారి వేసింది. పడవ ముందు దీపం పెట్టుకుంటే ఒడ్డున జంతువు ఆ వెలుగు వంకే చూస్తూ కదలకుండా నిలబడుతుందన్న ఉపాయం ఆయన కనిపెట్టింది కాదు. ఓజిబ్వే వేటగాళ్ళది. వాళ్ళ దగ్గర నేర్చుకుని, తుపాకి తీసి కెమెరా పెట్టాడు. తుపాకి బదులు కెమెరా అనడం ఆ రోజుల్లో పెద్ద మాట, కాదనను. ఎల్లోస్టోన్ ప్రాంతపు మూస్‌కి తర్వాత ఆయన పేరే పెట్టారు. ఈ రోజుకీ దాన్ని షిరాస్ మూస్ అంటారు. దీపం ఉపాయం నేర్పినవాళ్ళ పేరు ఏ మూస్‌కీ లేదు.

ఇంకో ఫొటో ఉంది, మీలో కొందరికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మూస్ మీద స్వారీ చేస్తూ నది దాటుతుంటాడు. అది దొంగ ఫొటో. 1912 ఎన్నికల్లో ఆయన పార్టీని బుల్ మూస్ పార్టీ అనేవాళ్ళు. ఆ సరదాకి ఒక ఫొటో కంపెనీ రెండు ఫొటోలు కత్తిరించి అతికించింది. నూరేళ్ళు దాటినా జనం నిజమనుకుని పంపుకుంటూనే ఉన్నారు. చూడండి, ఎంత దగ్గరితనం కావాలో ఈ మనుషులకి! పక్కన నిలబడడం చాలదు, ఎక్కి కూర్చోవాలి. దొరక్కపోతే అతికించైనా కూర్చోవాలి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మీలో చాలామంది నిజనిర్ధారణ కమిటీలతో వాడలకి వెళ్తున్నారు. అందరి చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఫొటోలు తీయాలి, తీయకపోతే మన మాట ఎవరూ నమ్మరు. పోలీసు స్టేషన్లో, కోర్టులో, పత్రికలో ఫొటో మాట్లాడుతుంది. నేను తీయొద్దు అనడం లేదు. ఎలా తీయాలో మూస్ దగ్గర నేర్చుకున్నది చెబుతున్నా.

ముందు వెళ్ళి కూర్చోండి. ఫోన్ జేబులోనే ఉంచండి. వాళ్ళ పని ఆగిపోయి మీ వంక చూస్తున్నారంటే మీరు ఇంకా కొత్తవాళ్ళే. పొయ్యి మళ్ళీ వెలిగేదాకా, మాటలు మళ్ళీ మొదలయ్యేదాకా ఆగండి. పేరు అడగండి, రాసుకోండి, ఫొటో కింద ఆ పేరు వేయొచ్చా లేదా అదీ అడగండి. వద్దంటే వద్దు. పగిలిన కుండ ఫొటో తీయడానికి రెండడుగులు చాలు, గాయం ఫొటోకి ఆమె ఒప్పుకుంటే చాలు. ఏడుపు ఫొటోకి మాత్రం దూరం ఎంతో ఆమె చెప్పాలి. పైట ముఖం మీదికి వచ్చిందంటే అవే చెవులు వెనక్కి పడడం. ఫోన్ దించేయండి. తీసింది ఆమెకి చూపించండి, ఆమెకి ఒక కాపీ ఇవ్వండి. ఫిల్టర్లు వేసి ముఖాలు తెల్లగా చేయకండి. చీకటిగా వస్తే ముఖం మీద వేలుపెట్టి నొక్కి వెలుగు సరిచేసుకోండి. నలుపు నలుపుగానే, కళ్ళు కళ్ళుగానే రావాలి.

ఒక దూరాన్ని మన మీద రుద్దారు. దాన్ని చెరిపేయడానికే మనం పుట్టామన్నట్టు పోరాడుతున్నాం, పోరాడాల్సిందే. కానీ ఎదుటి మనిషి నా దగ్గరికి ఇంతవరకే రండి అని చెప్పుకునే హక్కు కూడా మనవాళ్ళకి ఎప్పుడూ ఇవ్వలేదు. తలుపు లేని ఇళ్ళలోకి పోలీసులు, ఆసాములు, సర్వే చేసేవాళ్ళు, ఫొటోలు తీసేవాళ్ళు అందరూ అడక్కుండా వచ్చారు. ఆ హక్కు ఇవ్వడం మన నుంచే మొదలుకావాలి.

వచ్చే వారం మళ్ళీ మెస్ బిల్లుల దగ్గరికి వస్తాను. మీ హాస్టల్లో ఈ నెల ఏం పెట్టారో రాసి పంపండి. ఫొటో కూడా పంపండి, అన్నం పళ్ళేనికి మాత్రం ఎంత దగ్గరగా వెళ్ళినా ఫర్వాలేదు.

జై భీమ్.